కీ లేని పరీక్ష

మూసారాంబాగ్ నుంచి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి మీదుగా ఎల్‌బీ నగర్ దాకా రహదారికి రెండు వైపులా అల్లుకున్న కోచింగ్ సెంటర్ల, హాస్టళ్ళ, స్టడీ హాళ్ళ లోకంలో, ఒక జవాబు సరైనదా కాదా అన్న ప్రశ్నకు చివరి మాట ‘కీ’దే. పరీక్ష ముగిసిన కొన్నాళ్ళకు పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రిలిమినరీ కీ ప్రకటిస్తుంది. అభ్యర్థులు పాఠ్యపుస్తకాల పేజీలు జతచేసి అభ్యంతరాలు పంపుతారు. విషయ నిపుణుల కమిటీ వాటిని చూసి ఫైనల్ కీ ఖరారు చేస్తుంది. ఈ ఏర్పాటు ఎంత నిజాయితీగా నడిచినా, సత్యనిర్ణయం చివరికి ఎవరో ఒకరి అధికారం మీద వచ్చి ఆగుతుంది. గణితశాస్త్రం నడిచిన తీరు కూడా ఇంతకన్నా చాలా భిన్నమేమీ కాదు. నిరూపణ రాసినవారు దానిని పత్రికకు పంపితే, ఇద్దరో ముగ్గురో పండితులు చదివి సరే అన్నాక అది నిరూపణగా చెలామణి అవుతుంది, వారి కన్ను తప్పిన దోషం ఏళ్ళ తరబడి దాగి ఉండవచ్చు. నిపుణుడి అంగీకారం మీద ఆధారపడకుండా, ప్రతి మెట్టునూ ఎవరైనా ఎన్నిసార్లైనా తిరిగి సరిచూసుకోగల విధంగా నిరూపణను రాయాలన్న కోరికలోంచి పుట్టినదే ‘ప్రూఫ్ అసిస్టెంట్’ అనే సాఫ్ట్‌వేర్.

ప్రూఫ్ అసిస్టెంట్ జవాబులు చెప్పే యంత్రం కాదు. మనిషి ఒక ప్రతిపాదనను, దాని నిరూపణను తర్కశాస్త్ర నియమాలకు లోబడిన ఒక కృత్రిమ భాషలో రాస్తే, అందులోని ప్రతి అనుమానం, అంటే తెలిసినదాని నుంచి తెలియనిదానికి వేసే ప్రతి అడుగు, ఆ నియమాలకు తగినదా కాదా అని అది తేల్చి చెబుతుంది. మధ్యలో చిన్న చిన్న ఖాళీలు పూరించడంలో సాయపడుతుంది. 1967-68 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్‌లో డి బ్రైన్ రూపొందించిన ఆటోమాథ్ ఈ దారిలో తొలి పెద్ద ప్రయత్నం. 1972లో స్టాన్‌ఫర్డ్‌లో, ఆ తరువాత ఎడిన్‌బరోలో రాబిన్ మిల్నర్ ఎల్‌సీఎఫ్ అనే వ్యవస్థను కట్టి, దానిని నడిపించడానికి ఎంఎల్ అనే భాషను సృష్టించాడు. ఫ్రాన్స్‌లో 1984లో తియెరీ కోకాన్, జెరార్ ఉయే ఆరంభించిన కాక్, ఎంఎల్ సంతతికి చెందిన ఓకామెల్ భాషలో నేటికీ పెరుగుతూ, 2025లో రాక్ అని పేరు మార్చుకుంది; ఇక్కడ పాత పేరుతోనే పిలుస్తున్నాను. 2013లో లియొనార్డో డి మౌరా మొదలుపెట్టిన లీన్ ఈ రంగాన్ని గణితవేత్తల నిత్యవ్యవహారంలోకి తెచ్చింది. నాలుగు రంగుల సిద్ధాంతం 2005లో, బేసి సంఖ్యలో మూలకాలున్న సమూహాలను గురించిన ఫైట్-థాంప్సన్ సిద్ధాంతం 2012లో, జార్జ్ గాంతియే నాయకత్వంలో కాక్ చేత అంగీకారం పొందాయి.

ఇంతవరకు వచ్చాక ఆలోచించే పాఠకుడికి తప్పనిసరిగా తట్టే సందేహం ఒకటుంది: నిరూపణను పరీక్షించే సాఫ్ట్‌వేర్ కూడా మనుషులు రాసినదే కదా, దానిని పరీక్షించేదెవరు? దానికి ఇంకొక సాఫ్ట్‌వేర్‌ను కాపలా పెడితే, ఆ రెండవదానికి కాపలా ఏది? అంతులేని ఈ వెనుకడుగును భారతీయ తార్కికులు అనవస్థా దోషం అన్నారు. పదిహేడవ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు, తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపిక వ్యాఖ్యలో, జ్ఞానం సరైనదన్న సంగతి ఆ జ్ఞానంతోపాటే తెలుస్తుందా, లేక మరొక ఆధారం చేత తెలుస్తుందా అన్న వాదాన్ని ఎత్తుకున్నాడు. మరొక ఆధారం కావాలన్నది నైయాయికుల పక్షం. అలాగైతే ఆ ఆధారానికి మళ్ళీ ఆధారం అడగాల్సి వస్తుందన్నది మీమాంసకుల ఆక్షేపణ. దానికి న్యాయశాస్త్రం ఇచ్చే సమాధానం ఎంతో వ్యావహారికమైనది. సందేహం పుట్టినచోటే పరీక్ష అవసరం, ఆ జ్ఞానాన్ని నమ్మి చేసిన పని ఫలించడమే ఆ పరీక్ష, సందేహం మిగలనిచోట పరీక్ష ఆగుతుంది. ప్రూఫ్ అసిస్టెంట్లను కట్టేవారు అన్నంభట్టును చదవకపోయి ఉండవచ్చు గాని, వారి దినచర్య మొత్తం ఈ సమాధానానికి ఆచరణరూపంలాగే కనిపిస్తుంది, ఆ ఆచరణ జరిగేది టెర్మినల్ అనే నల్లని తెరమీద, ఒక్కొక్క వరుసగా టైపు చేసే కమాండ్లతో.

వారు చేసే మొదటి పని సందేహించవలసిన చోటును చిన్నది చేయడం. లక్షల వరుసలున్న వ్యవస్థలో, నిరూపణను చివరగా ఒప్పుకునే అధికారం కెర్నల్ అనే చిన్న భాగానికి మాత్రమే ఇస్తారు. నిరూపణను వెతికే నేర్పు, సంక్షిప్తంగా రాసుకునే సౌకర్యం, తెరమీద చక్కగా చూపించే హంగు అంతా కెర్నల్‌కు బయటే ఉంటాయి, వాటిలో ఎంత పెద్ద పొరపాటు దొర్లినా తప్పుడు నిరూపణ కెర్నల్‌ను దాటి పోకూడదు. కెర్నల్ ఒక మనిషి కూర్చుని చదవగలిగినంత చిన్నదిగా, వేరొకరు స్వతంత్రంగా మళ్ళీ రాయగలిగినంత స్పష్టంగా ఉండాలన్న ఈ సూత్రానికి డి బ్రైన్ పేరే పెట్టారు. కాక్‌లో కాక్‌సీ అనే కమాండ్ నిరూపణ ఫైలును చదివి, తనిఖీ చేసి, ఫలితాన్ని వేరొక ఫైలుగా దాస్తుంది. అలా దాచినదాన్ని కాక్‌చెక్ అనే వేరొక కమాండ్ మొదటినుంచి తిరిగి పరిశీలిస్తుంది. నిరూపణ దేనిమీద నిలబడి ఉందో, అందులో నిరూపించకుండా ఒప్పుకున్న స్వీకృతులు ఏమున్నాయో జాబితా ఇమ్మని అడిగే ఆదేశమూ ఉంది. పోటీ పరీక్షలో ఏ కమిటీ కూడా తన కీ ఏయే ఊహలమీద ఆధారపడిందో ఇంత విప్పి చెప్పదు.

కెర్నల్ ఎంత చిన్నదైనా మారకుండా ఉండదు. వేగం పెంచాలి, కొత్త సౌకర్యాలు చేర్చాలి, పాత లోపాలు దిద్దాలి. కాబట్టి ప్రతి మార్పు తరువాత వ్యవస్థ ఇంకా నమ్మదగినదిగానే ఉందని తెలుసుకోవడం అసలైన శ్రమ. మార్పు చేసినవారు టెర్మినల్‌లో డ్యూన్ అనే నిర్మాణ సాధనాన్ని పిలిస్తే, ఏ ఫైలు దేనిమీద ఆధారపడిందో లెక్కగట్టి, మారినవాటిని, వాటిమీద ఆధారపడినవాటిని మాత్రమే అది తిరిగి కడుతుంది. కాక్‌టాప్ అనే కమాండ్ ఒక్కొక్క వాక్యాన్ని తీసుకుని వెంటనే బదులిస్తుంది. దానిని ఒక ప్రత్యేక రూపంలో నడిపి ‘డ్రాప్’ అన్న ఆదేశం ఇస్తే, నిరూపణల లోకంలోంచి నేరుగా ఆ లోకాన్ని కట్టిన ఓకామెల్ లోకంలోకి దిగి, కెర్నల్ లోపల విలువలు ఎలా ఉన్నాయో కళ్ళారా చూసి, తిరిగి పైకి రావచ్చు. రూపానికి, దాని నిర్మాణానికి మధ్య ఇంత తెరిచి ఉన్న తలుపు చాలా తక్కువ సాఫ్ట్‌వేర్లలో కనిపిస్తుంది. ఈ కమాండ్లన్నీ పని ముగిశాక ఒక అంకెను వదిలిపోతాయి: సున్నా అయితే సఫలం, మరొకటి అయితే విఫలం. యూనిక్స్ సంప్రదాయం నుంచి వచ్చిన ఈ చిన్న అంకె వల్లే ఒక కమాండ్ నెగ్గిందో లేదో మరొక కమాండ్‌కు సులువుగా తెలుస్తుంది. తక్కిన యంత్రాంగమంతా దానిమీదే నడుస్తుంది.

పరీక్షల సంచయం అనే విభాగం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. కాక్ మూలపాఠంలో, అంటే సోర్స్ కోడ్‌లో, వేలకొద్దీ చిన్న ఫైళ్ళు కొన్ని గుంపులుగా పేర్చి ఉంటాయి. ఒక గుంపులోనివి తప్పకుండా అంగీకారం పొందాలి. మరొక గుంపులోనివి తప్పకుండా తిరస్కారం పొందాలి. వాటిలో ఏ ఒక్కదాన్ని వ్యవస్థ ఒప్పుకున్నా అది ప్రమాద ఘంటిక. ఇంకొక గుంపులో వ్యవస్థ తెరమీద చూపే సందేశం, ముందుగా రాసిపెట్టుకున్న పాఠంతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. నాలుగవ గుంపులో, ఎప్పుడో ఎవరో కనిపెట్టిన దోషానికి గుర్తుగా ఒక ఫైలు మిగిలి, అదే దోషం మళ్ళీ తల ఎత్తకుండా చూస్తుంది. ఈ నాలుగింటిలో తిరస్కారపు గుంపుకే అగ్రస్థానం ఇవ్వాలి. అన్నింటికీ సరే అనే పరీక్షకుడు సరైన నిరూపణలన్నింటిలోనూ నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటాడు. అతని బోలుతనం బయటపడేది తప్పును చూపించినప్పుడే. తర్కసంగ్రహంలో సద్ధేతువును వివరించిన అన్నంభట్టు అంతటితో ఆగకుండా, హేతువులాగా కనిపిస్తూ హేతువు కానివాటిని, సవ్యభిచారం, విరుద్ధం, సత్ప్రతిపక్షం, అసిద్ధం, బాధితం అని అయిదు రకాలుగా విడదీసి ఉదాహరణలతో పెట్టడంలోని వివేకం ఇదే. చెడ్డ హేతువుల పట్టిక లేనిదే మంచి హేతువును గుర్తించే శక్తి నిలవదు. కోచింగ్ మెటీరియల్‌లో సరైన జవాబుకు నాలుగు వరుసల వివరణ ఉండి, మిగిలిన మూడు ఐచ్ఛికాలు ఎందుకు తప్పో ఒక్క వరుస కూడా లేకపోవడం ఈ దృష్టితో చూస్తే పెద్ద లోటు.

ఒక పరీక్ష నిన్నటిదాకా నెగ్గి ఇవాళ విఫలమైతే, మధ్యలో వందలాది మార్పులు చేరి ఉండవచ్చు. దోషి ఎవరో తెలుసుకోవడానికి గిట్ అనే మార్పుల చరిత్రను కాపాడే సాధనంలో బైసెక్ట్ అనే కమాండ్ ఉంది: చరిత్రను సగానికి చీల్చి, నడిమి స్థితిని కట్టి, పరీక్షించి, మిగిలిన సగంలో మళ్ళీ అదే చేస్తుంది. వెయ్యి మార్పుల్లో అపరాధిని పట్టడానికి పది పరీక్షలు చాలు. దీనిలోని ఒక చిన్న ఏర్పాటు తార్కికులకు ఎంతో నచ్చవలసినది. పరీక్ష కమాండ్ సున్నా ఇస్తే ఆ స్థితి మంచిదని, ఒకటి ఇస్తే చెడ్డదని అర్థం కాగా, 125 ఇస్తే ‘ఈ స్థితిని పరీక్షించడమే కుదరలేదు, తీర్పు చెప్పవద్దు’ అని అర్థం. నిజం, అబద్ధం అన్న రెండింటి పక్కన ‘తెలియదు’ అన్న మూడవదానికి గౌరవప్రదమైన స్థానం ఇవ్వడం, దానిని అబద్ధంగా లెక్కకట్టకపోవడం, సాధనం చేసినవారి మేధా నిజాయితీకి నిదర్శనం. దీనికి తోడుగా, వేల వరుసల ఫైలులో దోషం కనిపించినప్పుడు, దోషం మాయం కాకుండా ఎన్ని వరుసలు తీసేయవచ్చో ఒక్కొక్కటిగా తీసి చూసి, చివరికి పది పన్నెండు వరుసల ఉదాహరణగా కుదించే సాధనాన్ని జేసన్ గ్రాస్ కాక్ కోసం రాశాడు. రోజులకొద్దీ ఓపికతో మనిషి చేయాల్సిన పని అది.

ఇంత కాపలా ఉన్నా దోషాలు కెర్నల్‌లోకీ చొరబడ్డాయి. కాక్‌లో వేగంగా లెక్కలు చేసే ఒక భాగంలో, ఒక రకానికి చెందిన నిర్మాపకాలు, అంటే ఆ రకం విలువలను తయారుచేసే మూలరూపాలు, 256 కన్నా ఎక్కువైతే రెండు వేర్వేరు నిర్మాపకాలకు ఒకే గుర్తు పడిపోయేది. ఒక బైటులో 256 విలువలే పడతాయన్న ప్రాథమిక సంగతి అక్కడ మరుగున పడింది. వేర్వేరు వస్తువులు ఒకటేనని కెర్నల్ నమ్మితే, అసత్యాన్ని కూడా నిరూపించవచ్చు. అసత్యం ఒక్కటి నిరూపితమైతే దానినుంచి ఏదైనా నిరూపితమవుతుంది. ఈ దోషాన్ని మాక్సిమ్ డెనెస్, పియెర్-మారీ పెద్రో కనిపెట్టారు. దీనికన్నా ముఖ్యమైనది, కాక్ మూలపాఠంలోనే ఇటువంటి తీవ్రదోషాల చిట్టా ఒకటి అందరికీ కనిపించేలా ఉండటం. దోషం ఏ భాగంలో పుట్టింది, ఏ రూపంలో ప్రవేశించింది, ఏయే విడుదలలను తాకింది, ఎవరు కనుగొన్నారు, ఎవరు దిద్దారు, దానివల్ల మామూలు వాడుకలో అపాయం ఎంత అన్న వివరాలు వరుసగా అందులో నమోదై ఉంటాయి. నిశ్చయజ్ఞానం ఇస్తానని వాగ్దానం చేసే వ్యవస్థ, తన నిశ్చయం తప్పిన సందర్భాలను తానే ప్రకటించడం ఆ వాగ్దానాన్ని బలహీనపరచదు. ఫైనల్ కీతోపాటు, గతంలో ఏయే కీలు ఎందుకు మారాయో తెలిపే చరిత్ర కూడా అభ్యర్థి చేతిలో పెడితే అతనికి కలిగే నమ్మకం ఎటువంటిదో, ఇక్కడ కలిగే నమ్మకమూ అటువంటిదే.

పని ఫలించడమే పరీక్ష అన్న న్యాయసూత్రం మరింత విశాలంగా అమలయ్యేది ఇతరుల నిరూపణల మీద. కాక్‌లో మార్పు ప్రతిపాదించినప్పుడు దాని సొంత పరీక్షలతో ఆగరు. గణిత గ్రంథాలయాలను, సీ భాషకు జేవియర్ లెరువా బృందం నిరూపణతో సహా నిర్మించిన కాంప్‌సర్ట్ అనే కంపైలర్‌ను (ప్రోగ్రామ్‌ను యంత్రభాషలోకి మార్చే సాధనాన్ని), ఇంకా ఎన్నో బయటి రచనలను యంత్రాలు తమంతట తామే కొత్త రూపంతో మళ్ళీ కట్టి చూస్తాయి. కేంబ్రిడ్జిలో లారెన్స్ పాల్సన్ 1986లో ఆరంభించిన ఇసబెల్ అనే ప్రూఫ్ అసిస్టెంట్‌కు అనుబంధంగా 2004 నుంచి నడుస్తున్న నిరూపణల భాండాగారంలోనూ ఇదే పద్ధతి. అందులో 2016లో చేరిన ముడుల సిద్ధాంతపు నిరూపణలు టి.వి.హెచ్. ప్రథమేశ్ రచన, చెన్నైలోని గణితశాస్త్ర సంస్థలో పరిశోధన చేసిన ఆయన తరువాత ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఉన్న క్రియా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడయ్యాడు. పత్రికలో అచ్చయిన వ్యాసాన్ని ఎవరో చదివితేనే అది తిరిగి పరీక్షకు వస్తుంది. భాండాగారంలోని నిరూపణ మాత్రం ఇసబెల్ మారిన ప్రతిసారీ, రచయిత పక్కన లేకపోయినా, ఒక కమాండ్ చేత తిరిగి పరీక్షకు నిలుస్తుంది. నెగ్గకపోతే ఆ సంగతి వెంటనే బయటపడుతుంది.

అనవస్థ మరీ బిగుసుకునేది, ప్రూఫ్ అసిస్టెంట్‌ను తన సొంత భాషలోనే రాసినప్పుడు. లీన్ నాలుగవ రూపంలో కెర్నల్ సీ++ లో ఉన్నా, మిగిలినదాంట్లో చాలాభాగం లీన్‌లోనే ఉంది. లీన్‌ను కట్టడానికి లీన్ కావాలి కాబట్టి, ముందటి రూపంనుంచి పుట్టించిన సీ పాఠాన్ని సున్నా దశగా మూలంలోనే దాచి, దానితో ఒకటవ దశను, దానితో రెండవ దశను కడతారు. తనను తాను కట్టుకునే ఈ ఉపాయానికి హైదరాబాద్‌తో ముడిపడిన ఒక పాత అధ్యాయముంది. జ్యూరిక్‌లో నిక్లాస్ విర్త్ బృందంలో పనిచేసి, తరువాతి కాలంలో హైదరాబాద్ ఐఐఐటీలో బోధించిన కేశవ్ నోరి ప్రథమ రచయితగా, 1974లో పాస్కల్-పీ కంపైలర్ అమలు వివరాలు వెలువడ్డాయి. పాస్కల్‌లోనే రాసిన కంపైలర్‌ను పీ-కోడ్ అనే ఊహాయంత్రపు భాషలోకి మార్చి పంపితే, అందుకున్నవారు తమ కంప్యూటర్‌లో ఆ ఊహాయంత్రాన్ని అనుకరించే చిన్న ప్రోగ్రామ్ ఒక్కటి రాసుకుంటే చాలు, కంపైలర్ మొత్తం వారికి దక్కుతుంది. పాస్కల్ ప్రపంచమంతటా పాకడానికి దోహదం చేసిన ఆ కిట్టులోని మెలకువకు, చిన్న కెర్నల్‌ను నమ్మి పెద్ద నిర్మాణాన్ని నిలబెట్టే మెలకువకు దగ్గరి చుట్టరికం ఉంది. అయితే కంపైలర్‌లోనే మోసం దాగి ఉంటే మూలపాఠం ఎంత చదివినా కనిపించదని కెన్ థాంప్సన్ ట్యూరింగ్ పురస్కార ఉపన్యాసంలో చేసిన హెచ్చరిక ఇప్పటికీ చెల్లుతుంది. కాక్ కెర్నల్‌కు మూలమైన సిద్ధాంతాన్ని, తనిఖీ పద్ధతిని కాక్‌లోనే నిరూపించే ప్రయత్నం 2020 నాటికి చాలా దూరం వచ్చింది. కాని ఒక వ్యవస్థ తన అవిరోధాన్ని తానే నిరూపించుకోలేదన్న గోడెల్ ఫలితం వల్ల, అక్కడ కూడా ఒక స్వీకృతి మిగిలే ఉంటుంది. అది స్పష్టంగా, పేరుతో సహా మిగిలి ఉండటమే ఈ రంగం సాధించిన విజయం.

ఈ విషయాలకు ఎల్‌బీ నగర్ నుంచి మియాపూర్ దాకా రోజూ తిరిగే జనంతో సంబంధం లేదనుకోవడం సరికాదు. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట-ఎల్‌బీ నగర్ భాగం ప్రారంభమైన మెట్రో, రైళ్ళ మధ్య దూరాన్ని రేడియో సమాచారంతో సాఫ్ట్‌వేర్ నిర్ణయించే సీబీటీసీ సిగ్నలింగ్‌తో నడిచే వ్యవస్థ. అదే కోవకు చెందిన నియంత్రణ సాఫ్ట్‌వేర్‌ను పారిస్‌లో 1998లో తెరిచిన 14వ మెట్రో మార్గం కోసం బీ-పద్ధతి అనే, నిరూపణతో సహా ప్రోగ్రామ్ రాసే విధానంలో రాసినప్పుడు, దాదాపు 27,800 నిరూపణ బాధ్యతలను, అంటే నిరూపించి తీరవలసిన ప్రతిపాదనలను, యంత్రమూ మనుషులూ కలిసి తీర్చారు. రైళ్ళు ఢీకొనకుండా కాపాడే కవచ్‌ను తొలిదశలో తయారుచేసిన మేధా సర్వో డ్రైవ్స్, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ సంస్థలే. ఇటువంటి వ్యవస్థలు అందుకోవలసిన అత్యున్నత భద్రతా స్థాయికి, ఐరోపా రైల్వే సాఫ్ట్‌వేర్ ప్రమాణం గణిత నిరూపణ పద్ధతులను గట్టిగా సిఫారసు చేస్తుంది. నిరూపణ సాధనాలు తెలిసినవారు నగరానికి కావాలి. ఆ సాధనాలను తయారుచేయగలవారు ఇంకా ఎక్కువ కావాలి.

అటువంటివారు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలోంచి రావడానికి పెద్ద అడ్డంకులు లేవన్నది బలంగా చెప్పవలసిన మాట. కాక్, లీన్, ఇసబెల్, గిట్, డ్యూన్ అన్నీ ఉచితం, వాటి మూలపాఠం బహిరంగం. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు, పాత ల్యాప్‌టాప్ మీద టెర్మినల్ తెరిస్తే కెర్నల్‌ను చదవవచ్చు, చిన్న మార్పుచేసి పరీక్షల సంచయాన్ని నడపవచ్చు. కమాండ్లు అక్షరాలతో రాసేవి కాబట్టి చేసిన పనిని ఉన్నదున్నట్టు రాసిపెట్టి మరొకరికి పంపవచ్చు, వారు తిరిగి నడిపి అదే ఫలితం వచ్చిందో లేదో చూడవచ్చు. మౌస్‌తో చేసిన పనికి ఈ వీలు లేదు. ప్రిలిమినరీ కీలో ఒక ప్రశ్నను తప్పుపట్టి, ఏ పుస్తకంలో ఏ పేజీలో ఆధారముందో చూపి అభ్యంతరం రాసే అభ్యర్థికి ఈ రంగం కోరే మూలగుణం ఇప్పటికే ఉంది. లేనిది దారి చూపే పుస్తకం, ముఖ్యంగా తెలుగులో.

తెలుగువారే చేయగల పనులు కూడా ఇక్కడ కొన్ని వేచి ఉన్నాయి. లీన్‌లో గ్రీకు అక్షరాలతో పేర్లు నేరుగా పెట్టుకోవచ్చు గాని, తెలుగు పేరును కోణాకారపు ఉద్ధరణ చిహ్నాల మధ్య బంధిస్తేనే అది ఒప్పుకుంటుంది. టెర్మినల్‌లో దోషం ఉన్నచోటు కింద గుర్తులు పెట్టి చూపేటప్పుడు, సాధనాలు తరచు ఒక సంకేతానికి ఒక గడి అని లెక్కకడతాయి. ‘లక్ష్మి’ అన్న రెండక్షరాల పేరు యూనికోడ్‌లో ఏడు సంకేతాలు, యుటిఎఫ్-8 లో 21 బైట్లు కావడంతో, ఆ వరుసలో తెలుగు వ్యాఖ్య ఉంటే గుర్తులు పక్కకు జరిగి తప్పుచోటును చూపే ప్రమాదం ఉంది. గుణింతాలు, ఒత్తులు ఎలా కలుస్తాయో చిన్ననాడే పలకమీద దిద్దిన మనిషికి ఇది చూడగానే తెలుస్తుంది, మరొకరికి తెలిసే అవకాశం తక్కువ. తెరమీది సందేశాన్ని అక్షరం పొల్లుపోకుండా సరిచూసే పరీక్షల గుంపులో, తెలుగు వ్యాఖ్య ఉన్న పది వరుసల ఫైలు ఒకటి, దానికి రావలసిన సరైన జవాబు ఒకటి చేర్చి పంపితే, ఆ తరువాత ఎవరు ఏ మార్పు చేసినా ఆ ఫైలు కూడా నడుస్తుంది.